ఇరవై ఎనిమిదో రోజు

వానాకాలం చివర రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా విజయనగరం వెళ్లే దారిలో ఒక వాసన ఉండేది. చెరువుల్లో, రోడ్డు పక్క గుంటల్లో గోగు కట్టలు ఊరే వాసన. కుళ్లు వాసన అనడానికి లేదు, కాదనడానికీ లేదు. మొన్న దసరా సెలవులకు ఊరు వెళ్తుంటే చాలా ఏళ్ల తరువాత అది మళ్లీ తగిలింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎటు చూసినా మొక్కజొన్నే. గోగు వేసేవాళ్లు ఎక్కడో ఒకరు. ఆ ఒక్కరి గుంట పక్కనుంచి కారు పోతుంటే మా అమ్మాయి ముక్కు మూసుకుని గబగబా అద్దం ఎక్కించేసింది. నాకు మాత్రం కాంక్రీటు గుర్తుకొచ్చింది. పైకి అనేశాను కూడా. గోగుకీ కాంక్రీటుకీ ఏమిటి సంబంధమని అడిగింది పిల్ల. మొదలుపెట్టాను. ఇల్లు చేరేసరికి సగం కూడా కాలేదు.

మా మేనమామ వాళ్లది రాజాం దగ్గర పల్లె. తొలకరి జల్లు పడగానే గోగు చల్లేవారు. దసరా నాటికి చేలోకి దిగిన మనిషి కనిపించేవాడు కాదు, అంత ఎత్తు. పూత మీద ఉండగానే కోసి, ఆకు రాలే దాకా చేలోనే ఉంచి, కట్టలు కట్టి చెరువులో వేసేవారు. తేలిపోకుండా పైన రాళ్లు. రెండు మూడు వారాలు ఊరిన తరువాత మోకాటి లోతు నీళ్లలో నిలబడి నార ఒలవడం. మా అత్తయ్య కాడను మొదలు దగ్గర విరిచి, నార కొస అందుకుని ఒక్క లాగు లాగేది. తెల్లటి పుల్ల జారి నీళ్లలో పడేది. ఆ పుల్లలే దడికి, ఆ పుల్లలే పొయ్యిలోకి. ఒలిచిన నారను నీళ్ల మీద చాచి కొడుతుంటే ఆ చప్పుడు మా వీధి దాకా వినిపించేది. ఆ పది పదిహేను రోజులూ అత్తయ్య చేతులకు ఆ వాసన పోయేది కాదు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే నేను పారిపోయేవాణ్ణని ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంకో మాట. మేం చదువుకునే రోజుల్లో రాజాం శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఇల్లు కదలకుండానే విజయనగరం జిల్లా వాళ్లమైపోయాం. అందుకని ఇది శ్రీకాకుళం కుర్రాడు విజయనగరంలో చదివిన కథో, విజయనగరం వాడి కథో నాకే సరిగా తెలియదు.

*

కాలేజీ విజయనగరానికి పక్కన. నాది సివిల్ ఇంజనీరింగ్. మా క్లాసులో ఒకే పేరుతో ముగ్గురు నలుగురు ఉండడంతో ఊరి పేర్లే మా పేర్లయ్యాయి. నేను రాజాం. నా బ్యాచ్‌లో మిగతా ముగ్గురూ బొబ్బిలి, పలాస, పార్వతీపురం. పార్వతీపురం అమ్మాయి. లెక్కల్లో మా ముగ్గురినీ కలిపినా ఆమెకు సరిపోయేవాళ్లం కాదు. లేడీస్ హాస్టల్ గేటు ఆరు గంటలకు మూసేస్తారు కాబట్టి మా ప్రాజెక్టులో ఏ ముఖ్యమైన పనైనా ఆరు లోపు ముగియాలి. ఆరు తరువాత మేం చేసేవన్నీ మోత పనులే.

నాలుగో ఏడు రెండో సెమిస్టర్‌ను ఫోర్-టూ అనేవాళ్లం. ప్రాజెక్టు అప్పుడే. మా గైడ్ మాస్టారి దగ్గరికి ఒక జాబితా పట్టుకుని వెళ్లాం. ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) కాంక్రీటు, పొడవకుండానే సర్దుకునే సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీటు, ఇంకా అలాంటివి నాలుగైదు. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని చదివారు.

"ఇవన్నీ పోయినేడాది రిపోర్టులే కదయ్యా. ఆ బీరువాలో ఉన్నాయి. తీసుకుని మీ పేర్లు వేసుకోండి, సంతకం పెట్టేస్తాను. మీకు ఆదివారాలు మిగులుతాయి, నాకూ మిగులుతాయి."

ఆయన నిజంగానే అంటున్నారో వెటకారమో తెలియక మేం నిలబడిపోయాం.

"అలా కాదూ, చేస్తామంటారా, మీ ఊళ్లో దొరికే వస్తువుతో చేయండి. మీ ఊళ్లో ఏముంది?"

పలాస జీడిపిక్కల తొక్క అన్నాడు. వాళ్ల ఊళ్లో అది గుట్టలుగా పడి ఉంటుంది. ఆ తొక్కలో నూనె చేతి చర్మాన్నే పొక్కించేస్తుంది, సిమెంటును పట్టనిస్తుందా అన్నారు మాస్టారు. బొబ్బిలి వాడు తడబడి పనస చెక్క అన్నాడు. వాళ్ల ఊళ్లో వీణలు పనస చెక్కతోనే చేస్తారు మరి. మాస్టారు నవ్వలేదు. "వీణ వాళ్లకే వదిలెయ్" అన్నారు. నా వంతు వచ్చింది. నోటికొచ్చింది చెప్పాను: గోగునార.

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "మట్టి గోడకు మట్టి తొక్కేటప్పుడు ఊకో గడ్డో ఎందుకు కలుపుతారో మీ తాతను అడిగావా ఎప్పుడైనా?" అన్నారు. కాంక్రీటు నొక్కితే గట్టిది, లాగితే బలహీనం. నొక్కుడుకు ఆగే బలంలో లాగుడుకు ఆగేది పదో వంతు ఉంటే గొప్ప. ఆ లాగుడు దగ్గర నార ఏమైనా సాయం చేస్తుందేమో చూడాలి. అంతే మా ప్రాజెక్టు. దానికి రిపోర్టులో ఒకటిన్నర లైన్ల పేరు పెట్టుకున్నాం కానీ, క్లాసులో అందరూ అన్నది గోంగూర కాంక్రీటు. గోంగూరా గోగూ ఒకే ఇంటి మొక్కలు, తప్పు పట్టడానికి లేదు. ఏడాది చివరి దాకా మేం గోంగూర బ్యాచ్.

*

నార కోసం ముందు జూట్ మిల్లు వైపు వెళ్లాం. విజయనగరం పక్కనే నెల్లిమర్ల, మిల్లున్న ఊరు. మిల్లులో పనిచేసే ఒకాయన బొబ్బిలికి దూరపు చుట్టం. టీ కొట్టు దగ్గర కలిసి గుప్పెడు పోగు తెచ్చి ఇచ్చాడు. అది ముట్టుకుంటేనే మెత్తగా జారుతోంది. మరల మీద నార తెగిపోకుండా ముందే నూనె, నీళ్లు కలిపి తడుపుతారని ఆయనే చెప్పాడు. వాసన చూస్తే కిరసనాయిలు ఛాయ. పార్వతీపురం ఆ పోగును కాగితంలో చుట్టింది. సాయంత్రానికి కాగితం మీద మరక తేలింది. నూనె పూసిన పోగును సిమెంటు ఎలా పట్టుకుంటుంది? మిల్లు నార పనికిరాదని అక్కడే తేలిపోయింది. గోనె సంచులు విప్పి నార తీద్దామన్న పలాస ఆలోచన కూడా దాంతోనే పోయింది.

చివరికి మా మామయ్యే దిక్కయ్యాడు. అటక మీద కట్ట దింపి, "ఇంజనీర్లు అవుతారనుకుంటే నార పేనుకునే పనిలో పడ్డారా?" అని అడిగాడు. బస్సు పైన వేద్దామంటే కండక్టర్ ఒప్పుకోలేదు, నార రాలుతుందన్నాడు. ఒళ్లో పెట్టుకునే వచ్చాను విజయనగరం దాకా.

నారను అంగుళం ముక్కలుగా కత్తిరించాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. గుప్పెడు పట్టుకుని కత్తెర వేస్తే నార జారిపోతుంది, ముక్కలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి. పలాస ఒక ఉపాయం కనిపెట్టాడు. అట్ట మీద అంగుళానికొక గీత గీసి, నారను దువ్వెనతో దువ్వి, రెండు చివరలా రబ్బరు బ్యాండు వేసి, గీత వెంబడి కోయడం. హాస్టల్ వరండాలో రాత్రిళ్లు కూర్చుని కోసేవాళ్లం. ఫ్యాను వేయడానికి లేదు, ఎగిరిపోతుంది. పొద్దున్నకు ముక్కులో, జుట్టులో, పక్క బట్టల్లో పీచు. తూకం వేస్తే తెల్లవార్లూ కోసింది 40 గ్రాములు. తూకంలో 40 గ్రాములు ఏమీ కాదు, చేతుల్లోకి తీసుకుంటే మాత్రం దోసిలి నిండి కిందికి జారుతుంది. సిమెంటు బరువులో అర శాతం, ఒక శాతం, ఒకటిన్నర శాతం నార కలపాలన్నది మా లెక్క. ఒకటిన్నర శాతం అనే మాట రాసిన పార్వతీపురం మీద ఆ వారం రోజులూ మాకు కోపమే.

*

కాంక్రీటు ల్యాబ్‌లో ఒక బాబాయ్ ఉండేవారు. కాగితం మీద ఆయన ల్యాబ్ అసిస్టెంటు. అంతకు ముందు చాలా ఏళ్లు తాపీ మేస్త్రీ. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు, ఒక పొగాకు చుట్ట. చుట్ట ల్యాబ్‌లో కాల్చేవారు కాదు, చేతిలో తిప్పుతూ ఉండేవారు. పుస్తకంలో కాంక్రీటు అని రాసినదాన్ని ఆయన మాలు అనేవారు.

మా పుస్తకంలో ఐఎస్ 456, ఐఎస్ 10262 అనే కాంక్రీటు ప్రమాణాలు చూసి ఎం20 మిక్స్‌కు పాళ్లు లెక్క కట్టుకొచ్చాం. ఎం20 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం. ప్రయోగశాలలో దానికి తోడు కొంత పైచేయి ఉండాలి కాబట్టి గురి 26.6. పార్వతీపురం నాలుగు పేజీల లెక్క చూపించింది. బాబాయ్ పేజీలు తిప్పి నీళ్ల దగ్గర వేలు పెట్టారు.

"ఇంత నీళ్లకు నీ నార ఏం తాగుతుందమ్మా?"

ఆ ప్రశ్నకు మా పేజీల్లో జవాబు లేదు. ఎండు నార తన బరువును మించి నీళ్లు పీల్చుకుంటుంది. సిమెంటుకు లెక్క కట్టిన నీళ్లు నార తాగేస్తే మాలు బిర్రబిగుస్తుంది, మూసలో గుల్ల పడుతుంది. ముందు రోజే నారను నానబెట్టి, పొద్దున్న గుడ్డ మీద ఆరేసి, చెమ్మ ఉండీ తడి లేనప్పుడు కలపాలని ఆయనే చెప్పారు. దానికి మేం రిపోర్టులో పెద్ద పేరు రాసుకున్నాం. ఆయన మాత్రం నారను వేళ్ల మధ్య నలిపి, "ఇప్పుడు" అనేవారు. అంతే ఆ పరీక్ష.

కాస్టింగ్ రోజు, అంటే మాలు మూసల్లో పోసే రోజు, పొద్దున్నే మొదలు. ఇనుప మూసల మరలు బిగించి, లోపల వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసి, ఇసుక జల్లించి, కంకర కడిగి. 15 సెంటీమీటర్ల క్యూబు. మూడు పొరలుగా పోసి ఒక్కో పొరను కడ్డీతో 35 పోట్లు పొడవాలి. మొదట్లో ఉత్సాహంగా పొడుస్తాం. మూడో మూస దగ్గరికి వచ్చేసరికి భుజం పడిపోతుంది, లెక్కలో అంకెలు దాటేస్తాం. బాబాయ్ అటు తిరిగి ఉండి కూడా చప్పుడును బట్టి లెక్క పెట్టేవారు. "ఇరవై తొమ్మిదే అయ్యాయి బాబూ" అని వెనకనుంచి మాట వచ్చేది. ముగించాక తాపీతో పైభాగం చదును చేయడం ఆయన మాకు వదిలేవారు కాదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు, అంచు దగ్గర చిన్న మలుపు. మేం పదిసార్లు రాసినా రాని నునుపు.

మర్నాడు మూసలు విప్పి, క్యూబు మీద రంగుతో నంబరు వేసి, తొట్టిలో దింపాలి. క్యూబు 8 కిలోలు ఉంటుంది. జీ-0 నార లేనిది. జీ-1, జీ-2, జీ-3 నార ఉన్నవి. తొట్టి నీళ్లు సున్నం తేరి ఉండేవి. చేతులు పొడిబారి పగిలేవి. కొబ్బరి నూనె సీసా ఒకటి ల్యాబ్ కిటికీలో ఎవరు పెట్టారో కానీ ఏళ్లుగా ఉండేది, ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు.

*

మూసలు తుడుస్తుంటే బాబాయ్ గోడ క్యాలెండర్ దగ్గర నిలబడి వేలితో లెక్క పెడుతున్నారు. "ఎప్పుడు పోద్దామనుకుంటున్నారు?" అన్నారు. డిసెంబరు 18 అన్నాం.

"28 రోజులు వేసుకోండి."

జనవరి 15. కనుమ.

"కనుమ నాడు కాకి కూడా కదలదు. నేనొస్తానా? మీరొస్తారా? వాచ్‌మన్ గేటు తీస్తాడా?"

28వ రోజంటే 28వ రోజే. 27 కాదు, 30 కాదు. సిమెంటుకు పండగలు తెలియవు. సంక్రాంతి నాలుగు రోజులూ తప్పించుకోవాలంటే కాస్టింగ్ వెనక్కో ముందుకో జరగాలి. 18నే పోస్తే 7వ రోజున చేసే తొలి పరీక్ష కూడా క్రిస్మస్ సెలవు మీదే పడుతోంది. ముందుకు జరుపుదామంటే నార ఇంకా కోయలేదు. మా నలుగురం, బాబాయ్, ఆ క్యాలెండర్ ముందు నిలబడి చేసిన వాదన పెళ్లి ముహూర్తానికి కూడా ఎవరూ చేయరు. చివరికి రెండు దఫాలుగా పోయాలని తేలింది. నార లేనివీ, అర శాతానివీ పండక్కి ముందు పరీక్షకు వచ్చేలా ఒకసారి, మిగతావి పండగ దాటాక వచ్చేలా ఇంకోసారి. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో ప్లానింగ్ అనే సబ్జెక్టు ఒకటి ఉండేది. అందులో ఏం చదివానో ఒక్క ముక్క గుర్తులేదు. ఈ క్యాలెండర్ గుర్తుంది.

పండక్కి ఊరెళ్లాం కానీ మనసు తొట్టి మీదే. నీళ్లు తగ్గిపోతే? బాబాయ్ ఊరు దగ్గరే కాబట్టి భోగి నాడు పొద్దున వచ్చి నీళ్లు నింపి వెళ్లారట. ఆ మాట ఆయన మాకు చెప్పలేదు. తరువాత ఎప్పుడో వాచ్‌మన్ చెప్పాడు.

*

పరీక్ష యంత్రానికి పెద్ద గుండ్రటి డయల్ ఉండేది. రెండు ముళ్లు. బరువు పెరుగుతున్న కొద్దీ నల్ల ముల్లు ఎర్ర ముల్లును తోసుకుంటూ పైకి వెళ్తుంది. క్యూబు పగలగానే నల్లది వెనక్కి పడిపోతుంది. ఎర్రది ఎక్కడిదాకా వెళ్లిందో అక్కడే ఆగుతుంది. ఆ ఆగిన అంకె చూసి రాసుకోవాలి. నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోల చొప్పున బరువు పెంచాలని కోడ్ చెబుతుంది. వాల్వు తిప్పే చేయి ఒకే తీరుగా ఉండాలి. ఆ చేయి బాబాయ్‌దే. మధ్యలో కరెంటు పోతే ఆ క్యూబు పోయినట్టే. కరెంటు కోతల కాలం కావడంతో వార్డెన్ గారిని అడిగి కోత వేళలు కాగితం మీద రాసుకుని గోడకు అంటించాం.

మొదటి రోజు నార లేని క్యూబులు. 600 కిలోన్యూటన్లు దాటితే మా గురి దక్కినట్టు. ముల్లు 400 దాటింది, 500 దాటింది. ఎవరూ మాట్లాడడం లేదు. మోటారు రొద ఒక్కటే. 600 దాటి కొంచెం పైకి వెళ్లి, ఎక్కడో లోపల చిటుక్కుమంది. పక్కలు పెచ్చులుగా ఊడి రేకు మీద టపటపా రాలాయి. మధ్యలో మిగిలింది నడుం సన్నబడి డమరుకంలా ఉంది. అలా పగిలితే మంచి పగులు అన్నారు బాబాయ్.

నార క్యూబుల తీరు వేరు. ముల్లు అంత పైకి వెళ్లలేదు. అర శాతం దగ్గర తేడా పెద్దగా లేదు కానీ, నార పెరిగే కొద్దీ నొక్కుడు బలం తగ్గుతూ వచ్చింది. ఒకటిన్నర శాతం దగ్గరైతే మా ముఖాలు చూడాలి. అయితే అవి పగలవు. అంటే పగులుతాయి, విడిపోవు. ముల్లు వెనక్కి పడిపోయినా క్యూబు క్యూబులాగే నిలబడి ఉంది. బాబాయ్ దాన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. మూల నుంచి మూలకు పగులు. అందులోకి గోరు పెట్టి విప్పి చూస్తే, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సన్నటి పోగులు, ఒక్కొక్కటీ బిగుసుకుని. కొన్ని తెగాయి, కొన్ని సిమెంటులోంచి ఊడి వచ్చాయి. ఊడిన చోట సూది దూరేంత రంధ్రం. మేం నలుగురం వంతులు వేసుకుని చూశాం. మా అత్తయ్య చెరువులో ఒలిచిన నార అది.

క్యూబులతో పాటు పోసిన సిలిండర్లను అడ్డంగా పడుకోబెట్టి చీల్చి, లాగుడు బలం చూసే పరీక్షలో మాత్రం నార కొంచెం మెరుగు చూపించింది. ఆ కొంచెమే మా అసలు ఫలితం.

ఒక శాతం వరుసలో ఒక క్యూబు అడ్డం తిరిగింది. మూడింటి సగటు తీసుకోవాలి, ఏ ఒక్కటీ సగటుకు 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు. ఇది బాగా కిందికి పోయింది. సుత్తితో పగలగొట్టి చూస్తే నడిమధ్య ఉసిరికాయంత నార ఉండ. విడిపోకుండా ఒకచోట చేరి, చుట్టూ గుల్ల. బొబ్బిలి పెన్ను మూత తీశాడు. "మిగతా రెండింటికీ దగ్గరగా ఒక అంకె వేసేద్దాం, గ్రాఫు అందంగా వస్తుంది" అన్నాడు. వాణ్ణి ఒక్కణ్ణే అని లాభం లేదు. ఆ బీరువాలో ఉన్న పాత రిపోర్టుల్లో గ్రాఫులన్నీ ఎందుకంత నున్నగా ఉండేవో మాకు అర్థమైంది ఆ నిమిషంలోనే. పార్వతీపురం నోట్‌బుక్ మూసేసి తన చేతి కింద పెట్టుకుంది.

మాస్టారి దగ్గరికి ఆ ఉండను పట్టుకుని వెళ్లాం. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ వరుస చెల్లదని రాయండి. ఎందుకు చెల్లదో రాయండి. దీని ఫొటో పెట్టండి. మళ్లీ పోయండి."

"మళ్లీ 28 రోజులు మాస్టారూ..."

"నేనేం చేయను? సిమెంటును అడగండి."

మళ్లీ పోశాం. ఈసారి నారను ముందు పొడి ఇసుకలో చిటికెడు చిటికెడుగా చల్లుతూ వేళ్లతో విప్పి, తరువాత సిమెంటు, ఆ తరువాతే నీళ్లు. ఉండలు కట్టలేదు. పరీక్ష మార్చి చివరికి వచ్చింది. మిగతా బ్యాచ్‌ల వాళ్లు అప్పటికి బైండింగ్ కూడా చేయించేశారు.

*

టైపింగ్ సంగతి ఎక్కువ చెప్పను. అందరి కథా ఒకటే. కాలేజీ ఎదురుగా డీటీపీ సెంటరు, ఒకే కంప్యూటర్, దాని ముందు పది బ్యాచ్‌లు. టైపు చేసే అబ్బాయికి మన ఇంగ్లీషు కంటే వాడి ఇంగ్లీషు మీద నమ్మకం ఎక్కువ. నారను సూచించే "ఫైబర్" అనే మాటను అధ్యాయం పొడుగునా "ఫీవర్" అని కొట్టి పెట్టాడు. జ్వరం కలిపిన కాంక్రీటు. మాస్టారు ఎర్ర సిరాతో ప్రతి జ్వరం చుట్టూ సున్నా చుట్టారు. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు, వెనక అట్ట లోపల సీడీకి కవరు. కృతజ్ఞతల పేజీలో ప్రిన్సిపాల్ నుంచి తల్లిదండ్రుల దాకా వరుస ఉంటుంది కదా, అందులో బాబాయ్ పేరు చేర్చాం. ఆయన ఆ పేజీ చూసి చుట్ట చెవి వెనక పెట్టుకుని, "ఇంటి పేరు తప్పు" అన్నారు. మళ్లీ అచ్చు వేయించాం.

వైవా, అంటే నోటి పరీక్ష నాడు బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ పెద్దాయన. మా ముందు బ్యాచ్‌లను అయిదేసి నిమిషాల్లో పంపేశారు. మాది తిప్పుతూ ఆ నార ఉండ ఫొటో దగ్గర ఆగారు. ఏమిటిది అన్నారు. చెప్పాం. తరువాత మెల్లగా అడిగారు. సిమెంటు క్షారం కదా. కాంక్రీటు లోపలి చెమ్మ పీహెచ్ 12 పైన ఉంటుంది. నారలో లిగ్నిన్, హెమిసెల్యులోజు ఆ క్షారానికి ఆగవు. "పదేళ్లు పోయాక మీ నార ఇందులో ఉంటుందా?"

ముగ్గురం పార్వతీపురం వైపు చూశాం. "తెలియదు సార్. మాకు సెమిస్టర్ నాలుగు నెలలే" అంది.

ఆయన తల ఊపారు. ఫ్లై యాష్, సిలికా ఫ్యూమ్ లాంటివి కలిపితే సిమెంటులో పుట్టే కాల్షియం హైడ్రాక్సైడు కొంత ఖర్చవుతుందని, నారకు కొంచెం ఊపిరి దొరకవచ్చని చెప్పారు. ముందు ఏం చేయవచ్చో చెప్పే చివరి అధ్యాయంలో అది లేదేమని అడిగారు. తరువాత బాబాయ్‌ని పిలిచి, మిగిలిన క్యూబులు పారేయవద్దు, ఎండా వానా తగిలేలా బయట పడేసి ఉంచండి అన్నారు. బాబాయ్ మరి అక్షరాలా అలాగే చేశారు. ల్యాబ్ వెనక గోడ వారన పెట్టారు. తరువాతి బ్యాచ్‌ల వాళ్లు వాటిని కూర్చోవడానికి, సైకిల్ పడిపోకుండా ఆనించడానికి, తులసి మొక్క చుట్టూ కట్టుగా వాడుకున్నారు.

*

పలాస ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టుల్లో ఉన్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వాళ్ల వైపు కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక కొన్నాళ్లు అన్నీ మానేసి నాన్నకు తోడుగా ఊళ్లోనే ఉండిపోయాడు. బొబ్బిలి బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం, కాంక్రీటు మొహం చూడలేదు. బాబాయ్ రిటైరయ్యారు. ల్యాబ్‌లో డయల్ యంత్రం పోయి అంకెలు చూపించే యంత్రం వచ్చింది. ఎర్ర ముల్లు లేదు. పగిలిన అంకె తెర మీద నిలబడే ఉంటుంది, అచ్చు వేసి కూడా ఇస్తుంది. మంచిదే. వాల్వు కూడా అదే తిప్పుకుంటుంది.

పార్వతీపురం ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నిరుడు ఒక సాయంత్రం ఫోన్ చేసి, "రాజాం, మన క్యూబులు దొరికాయి" అంది. పాత కాలేజీకి ఏదో పని మీద వెళ్లి, ల్యాబ్ వెనక తులసి కట్టులో జీ-2 అని రంగు అక్షరం సగం మిగిలిన దాన్ని గుర్తుపట్టిందట. ప్రిన్సిపాల్ గారిని అడిగి, కాగితం మీద సంతకం పెట్టి, రెండింటిని కారులో వేసుకుని తెచ్చుకుంది. కాపలా అతను తులసి కట్టు పాడవుతుందని గొడవ చేస్తే వాటి చోట ఇటుకలు కొనిచ్చిందట.

యంత్రం కింద పెట్టి పగలగొట్టింది. బలం తగ్గలేదు, సిమెంటు సంగతి అది. లోపల నార మాత్రం గోధుమ రంగు తిరిగిపోయింది. గ్రూపులో ఫొటో పెట్టింది. పోగును రెండు వేళ్లతో పట్టుకుని వంచితే టక్కున తునిగిపోతోందని రాసింది. పగులును పట్టుకుని ఆపే పని ఆ నార ఇక చేయలేదు. ఎక్స్‌టర్నల్ గారి ప్రశ్నకు ఇన్నేళ్లకు జవాబు.

"మార్కులు వెనక్కి తీసుకుంటారేమో, ఎవరికీ చెప్పకండి" అన్నాడు బొబ్బిలి.

ఇప్పుడు ఆమె దగ్గర చదివే పిల్లలు నలుగురు అదే పని మొదలుపెడుతున్నారు. ఈసారి సిమెంటులో కొంత ఫ్లై యాష్‌తో. మా మామయ్య నెంబరు అడిగింది. ఆయన గోగు వేయడం మానేసి చాలాకాలమైంది, పక్క ఊళ్లో ఇంకా వేస్తున్న వాళ్ల దగ్గర ఇప్పిస్తానన్నాను. డిసెంబరు మూడో వారంలో కాస్టింగ్ పెట్టుకున్నారట.

28 రోజులు లెక్కేసి, కనుమ చూసుకోమన్నాను.